సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని నది దాటించే పెద్ద పడవ) మీద కారు ఎక్కించాలంటే ఏ టైముకి వెళ్లాలి?

పిల్లల పరీక్షలు అయ్యాయి కదా అని పోయిన శనివారం రావులపాలెం నుంచి కోనసీమ తిరగడానికి బయల్దేరాం. చిన్న కారు, అమ్మతో కలిపి ఐదుగురం. అంబాజీపేటలో పొట్టిక్కల (పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు) దగ్గరే గంట పోయింది, దానికి బాధ లేదు. అంతర్వేది దర్శనం, సముద్రం చూసుకుని సాయంత్రం 5:40కి సఖినేటిపల్లి రేవుకి చేరాం. పంటు మీద వశిష్ఠ గోదావరి పాయ దాటి రాత్రికి నరసాపురంలో ఉండాలని ప్లాన్.

పంటు ఉంది, కానీ నీరు పాటు మీద ఉందని (సముద్రం వెనక్కి లాగి నీరు తగ్గే వేళ) బైకులే ఎక్కించుకున్నారు. 50 నిమిషాలు చూసి వెనక్కి తిరిగాం. మలికిపురం, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా నరసాపురం. ఎదురుగా కనిపిస్తున్న ఊరికి అంత చుట్టు! ఆదివారం ఉదయం 7 గంటలకి నరసాపురం వైపు రేవు నుంచి ప్రయత్నించాం, మళ్లీ అదే మాట.

ఫోన్‌లో మ్యాపు నది మీద గీత గీసి చూపిస్తుంది గానీ పోటు, పాటు సంగతి చెప్పదు. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని తెలుసు. వెతికితే కాకినాడ రేవు పోటు వేళలు దొరికాయి. అవి సముద్రం ఒడ్డువి, మనది నది లోపలి రేవు.

ఈ శనివారం మళ్లీ వెళ్తున్నాం, కారుతో నది దాటాల్సిందేనని అమ్మ పట్టు. కాకినాడ పోటు వేళకి ఎంత ముందు లేదా ఎంత తర్వాత సఖినేటిపల్లి రేవులో ఉంటే పంటు మీద కారు ఎక్కించుకుంటారు?