చదువుతూనే ఊహిస్తామా, అవసరమైతేనేనా?

అర్ధవిరామం:
"తలుపు తోసుకుని వచ్చాడు. గొడుగు మూలన పెట్టాడు. నేలంతా తడి."
ఇందులో వాన అన్న మాటే లేదు. అయినా అందరికీ వాన కనపడే ఉంటుంది. వచ్చిందెవరో కూడా లేదు, 'వచ్చాడు'లో 'డు' పట్టుకుని ఒక మగమనిషిని గుమ్మంలో నిలబెట్టేశారు. చదువుతున్నంతసేపూ మనం చేసేది ఇదే. ఇదెందుకు జరిగింది, వీడి ఉద్దేశం ఏమిటి అని మనసు వెతక్కుండా ఊరుకోదు. కథలు చదవడం గురించి గ్రేసర్, సింగర్, ట్రబాసో అనే మనస్తత్వ పరిశోధకులు 1994లో వాదించింది దాదాపు ఇదే.

మితభాషి:
మీరు ఎత్తిచూపారు కాబట్టి వాన కనపడింది. ఎత్తిచూపాక ఆలోచించడం వేరు, చదువుతుండగానే తట్టడం వేరు. మెకూన్, రాట్‌క్లిఫ్ అనే పరిశోధకులు 1992లో పట్టుబట్టింది అక్కడే: పక్కపక్క వాక్యాలకు లంకె కుదరడానికి కావలసింది, అప్పటికే మనసుకు అందుబాటులో ఉన్నది. దానంతటదే జరిగే ఊహ ఈ రెండే. పద్నాలుగో అంతస్తు నుంచి నటి పడిపోయిందని చదివితే 'చచ్చిపోయింది' అని రాసేసుకుంటామా? వాళ్ళ ప్రయోగంలో తేలింది, ఏదో చెడు జరిగిందన్నంత మసక ఊహే.

పక్కబెంచీ:
ఆ లంకె కూడా ఊరికే రాదండీ. "పిక్నిక్ సామాను చూసుకున్నాం. బీరు వెచ్చగా ఉంది." సామానులో బీరు ఉందని ఎవరూ చెప్పలేదు, మనమే పెట్టాం. మొదటి వాక్యంలోనే బీరు ఉంటే రెండోది త్వరగా అర్థమవుతుంది, లేకపోతే ఆలస్యం. 1974లో హావిలాండ్, క్లార్క్ కొలిచి చూపించారు.

అర్ధవిరామం:
మితభాషి గారూ, మరి దీనికేమంటారు? మేరీ శుద్ధ శాకాహారి అని ముందు చెప్పి, కొన్ని వాక్యాలు దాటాక ఆమె మాంసం బర్గర్ తెప్పించుకుందని రాస్తే పాఠకులు అక్కడ నెమ్మదించారు (ఆల్‌బ్రెక్ట్, ఓబ్రయన్, 1993). పక్క వాక్యాల లంకె బాగానే ఉంది కదా! ఎక్కడ తడబడ్డారు మరి?

మితభాషి:
సరే, పక్క వాక్యం దగ్గరే ఆగిపోతామన్న మాట వెనక్కి తీసుకుంటాను. కానీ శాకాహారి అన్నది చదివిందే, గుర్తొచ్చింది. గుర్తు రావడం ఊహించడం ఎలా అవుతుంది?

కొత్తచేరిక:
నాకైతే వాన తట్టలేదండీ. ఎండకు వేసుకొచ్చిన గొడుగు, ఇంట్లో వాళ్ళు అప్పుడే నేల కడిగారు అనుకున్నాను. జారిపడతాడేమోనని నాలుగో వాక్యం కోసం చూస్తున్నా.