సిమెంటు రేకుల షెడ్డుకి ఫాయిల్ షీటు: అంటించాలా, గ్యాప్ ఇచ్చి కట్టాలా?

ప్రశ్న: ఖమ్మంలో బైకు మెకానిక్ షెడ్డు. 20×30 అడుగులు, రెండు వాలుల సిమెంటు రేకులు. కింద 2 అంగుళాల చదరపు పైపులు, ఒక్కో వాలుకి నాలుగు వరసలు. షట్టర్ పడమటి వైపు. మధ్యాహ్నం నెత్తి మాడిపోతోంది, ఫ్యాను వేస్తే వడగాలే. 4 ఎంఎం బబుల్ ఫాయిల్ (గాలి బుడగల ప్లాస్టిక్‌కి అల్యూమినియం పొర అతికిన షీటు) తెచ్చి రేకుల అడుగున గమ్‌తో అంటించమని షాపులో చెప్తున్నారు. అలా చేయొచ్చా? సరుకు ఎంత పడుతుంది?

జవాబు 1: గమ్ వద్దు అన్నా. ఎండాకాలం రేకు 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి గమ్ మెత్తబడి షీటు ముక్కలుగా వేలాడుతుంది. పైగా తడిసిన సిమెంటులోని క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. వాన కారే చోట ఫాయిల్ నల్లబడి చిల్లులు పడేది అందుకే.

సంగతి ఏంటంటే, 65 డిగ్రీలకు కాగిన రేకు నుంచి 35 డిగ్రీల నేల మీదికి చదరపు మీటరుకి దాదాపు 200 వాట్ల సెగ దిగుతుంది. మీ నెత్తి మాడేది దానికే. మంచి ఫాయిల్ అందులో 95 శాతం దాకా ఆపుతుంది, కానీ మెరిసే ముఖానికి ఎదురుగా గాలి ఉండాలి. రేకుకి అంటిస్తే కింది ముఖం సెగని ఆపుతుంది నిజమే, పై ముఖం మాత్రం వృథా. ఫాయిల్ కూడా రేకంత వేడెక్కి తన కింది గాలిని కాస్తుంది, ఫ్యాను ఆ గాలిని మీ మీదికి తోస్తుంది. పైపుల అడుగున బిగిస్తే పైపు మందమే 2 అంగుళాల గ్యాప్ ఇస్తుంది. గ్యాప్ ఎక్కడా అంగుళానికి తగ్గనివ్వకండి. ఒక్క ముఖమే మెరిసే రకమైతే మెరుపు కిందికి పెట్టండి. పైకి పెడితే దుమ్ము పేరుకుని ఆ ముఖం పనిచేయడం మానేస్తుంది.

జవాబు 2: కొలత ఇదిగో. రోలు వెడల్పు 1.2 మీటర్లు అనుకుందాం. పట్టీలు పైపులకి అడ్డంగా, కొప్పు నుంచి చూరు వైపు దిగాలి. 4 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే 30 అడుగులకి 9 పట్టీలు, రెండు వాలులకి 18. ఒక్కొక్కటి 10 అడుగులు. మొత్తం 55 మీటర్లు, తరుగుతో 60 తీసుకోండి. అతుకులకి 2 అంగుళాల అల్యూమినియం టేపు 50 మీటర్లు. ముప్పావు అంగుళం సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు 180, ఒక్కోదానికి అంగుళం వాషరు.

వాషరు మానేయొద్దు. షట్టర్ ఎత్తగానే గాలి దూరి షీటు రెపరెపలాడుతుంది, స్క్రూ చుట్టూ చిరుగు అక్కడే మొదలవుతుంది. అడుగున్నరకి ఒక స్క్రూ కొట్టండి. రేకుని పైపుకి పట్టి ఉంచే జె బోల్టు వంపు పైపు కింద ఉబ్బుగా ఉంటుంది కదా, స్క్రూ దానికి జానెడు దూరంగా ఉండాలి. వంపు మీద పాత ట్యూబు ముక్క చుట్టి ఆపైన షీటు లాగండి.

కొప్పు దగ్గరా చూరు దగ్గరా 2, 3 అంగుళాలు వదిలేయండి. నాలుగు వైపులా టేపుతో మూసేస్తే పైన కాగిన గాలికి దారి ఉండదు. కొప్పు చివర గోడలో పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, నీడ పట్టున కింద ఒక కిటికీ ఉంటే షీటుకి పెట్టిన డబ్బుకి ఫలితం కనిపిస్తుంది.

జవాబు 3: రెండు ప్రమాదాలు ముందే చెప్పాలి. ఫాయిల్‌లో కరెంటు పారుతుంది. ఆస్ట్రేలియాలో 2009-10 ఇళ్ల ఇన్సులేషన్ పథకంలో ఫాయిల్ బిగించే పిన్ను కరెంటు వైరులోకి దిగి పనివాళ్లు చనిపోయారు, 2010 ఫిబ్రవరిలో ఆ పథకంలో ఫాయిల్ వాడకం ఆపేశారు. పైపుల వెంట వైరింగ్ ఉంటే ముందు దాన్ని పీవీసీ పైపులోకి మార్చి కిందికి దించండి. పని జరిగేటప్పుడు మెయిన్ ఆఫ్. ఇనుప ఫ్రేముకి ఎర్తు, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి.

రెండోది నిప్పు. బబుల్ అంటే ప్లాస్టిక్, అంటుకుంటే మండుతూ బొట్లుగా కారుతుంది. గ్యాస్ వెల్డింగ్ చేసే మూల పైన అది వేయొద్దు, అక్కడికి ఫాయిల్ ముఖం ఉన్న గ్లాస్ ఊల్ (గాజు పీచు పరుపు) మంచిది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి వాటిని డ్రిల్లు, గ్రైండరు ముట్టుకోకూడదు. రంధ్రాలన్నీ పైపుకే.

ప్రశ్న: థాంక్స్ సార్. ఇంకో షాపులో ఇంకా ఎక్కువ మెరిసేది తక్కువ రేటుకి ఇస్తానంటున్నారు. అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు 1: మెరుపు చూసి కొనొద్దు. చిన్న ముక్క అడిగి, పై పొర ఒలిచి టార్చికి అడ్డం పెట్టండి. వెలుతురు మసగ్గా దాటితే అది రంగు పట్టించిన ఫిల్మ్, ఫాయిల్ కాదు. తర్వాత మల్టీమీటర్ బీప్‌లో పెట్టి రెండు మొనలూ ముఖం మీద నొక్కండి. మోగకపోతే పైన ప్లాస్టిక్ పూత ఉంది. పూత మందమైతే కంటికి మెరుస్తుంది, సెగని మాత్రం పీల్చేస్తుంది.

బిగించాక టెంపరేచర్ గన్‌ను నేరుగా ఫాయిల్ మీద పెట్టొద్దు. అద్దంలా మెరిసేదాని మీద అది తప్పు రీడింగే ఇస్తుంది. ఫాయిల్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగంగుళాల ముక్క అంటించి, పది నిమిషాలాగి, ఆ ముక్క మీద చూడండి.

జవాబు 4: బడ్జెట్ తక్కువైతే నా ఓటు ముందు పైన తెల్ల పూతకి. ఫాయిల్ కాగిన రేకు సెగని ఆపుతుంది, తెల్ల పూత రేకు కాగకుండానే చూస్తుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ లెక్కమీదే. సున్నమైనా పనికొస్తుంది, కాకపోతే ఏటా ఎండలు ముదరకముందే మళ్లీ వేయాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టకండి, విరుగుతుంది. పైపు వరసల మీద ఆనేలా చెక్క పలకలు పరిచి వాటి మీదే నడవాలి.

పడమటి షట్టర్‌కి ఫాయిల్ కుదరదు, చుట్టుకునేటప్పుడు నలిగి చిరుగుతుంది. బయట అడుగు దూరంలో గ్రీన్ నెట్ కట్టి, సాయంత్రం ఎండ షట్టర్‌ని తాకకుండా చూడండి.

జవాబు 2: బయట 43 డిగ్రీలు ఉంటే లోపల గాలి 30కి దిగదు, అది ఏసీ పని. ఏసీ పెట్టే ఆలోచన ఉంటే ఒక్క ఫాయిల్ చాలదు, పైన 50 ఎంఎం గ్లాస్ ఊల్ కూడా పడాలి. ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, పైపుల కింద ఇంకో వరస ఫ్రేము వేసి గ్యాప్ పెంచాల్సి వస్తుంది.