గేర్‌బాక్సులో ఎన్‌యూ 316 రోలర్ బేరింగు: నైలాన్ కేజ్ వదిలి ఇత్తడికి వెళ్లాలా?

ప్రశ్న:
హైస్పీడ్ షాఫ్టు మీది బేరింగును విప్పాం. రోలర్లు, ట్రాకులు నిగనిగలాడుతున్నాయి. రోలర్లను ఎడంగా పట్టి ఉంచే నైలాన్ చట్రం, అంటే కేజ్ మాత్రం ముదురు గోధుమరంగుకు తిరిగి, వంచితే పుటుక్కున విరుగుతోంది. సంపులో (గేర్‌బాక్సు అడుగున నూనె నిలిచే చోట) నూనె 100 డిగ్రీలు, ఈపీ రకం (తీవ్ర ఒత్తిడిని తట్టుకునే రసాయనాలు కలిపినది). ఇత్తడి వేయాలా, ప్రెస్ చేసిన ఉక్కు రేకు చాలా?

జవాబు 1:
మీ నైలాన్ అరిగిపోలేదండి, ముసలిదైపోయింది. గాజుపోగులు కలిపిన పాలిమైడ్ 66 (ఈ నైలాన్ అసలు పేరు) మామూలు మినరల్ నూనెలో 120 డిగ్రీల వరకు నిలుస్తుంది. ఈపీ గేర్ నూనెలో ఆ హద్దు 110కి దిగుతుంది. ఈ లెక్క బయటి రింగు ఉష్ణోగ్రతకు, సంపుది కాదు. రింగు సంపుకన్నా వేడిగానే ఉంటుంది. ముందు అక్కడ కొలవండి. వేడి తగ్గించగలిగితే నైలానే ఉంచమంటాను: తేలిక, జారుడు గుణం ఎక్కువ, నూనె కాసేపు అందకపోయినా పట్టేయదు.

జవాబు 2:
తగ్గించలేకపోతే ఇత్తడే. షాఫ్టు తరచూ ఆగి బయలుదేరుతుంటే రేకు కేజ్ జోలికి పోకండి. ఇత్తడిలోనూ రివెట్లున్న రెండు ముక్కలది కాకుండా, కిటికీలు కోసిన ఒకే ముక్క కేజ్ అడగండి. కుదుపులకు ముందు తెగేవి ఆ రివెట్లే. అదురు ఎక్కువైతే బయటి రింగు ఆధారంగా తిరిగే ‘ఎంఏ’ రకం మంచిది. దానికి నూనె ధారాళంగా అందాలి, గ్రీజుతో వేగంగా తిప్పకూడదు.

ప్రశ్న అడిగినవారు:
మా అమోనియా కంప్రెసర్‌కూ ఇదే వేయవచ్చా?

జవాబు 2:
వద్దండి! అమోనియా తగిలితే ఇత్తడి పగుళ్లిస్తుంది. అక్కడ ఉక్కు కేజ్ తీసుకోండి.