కడుపు కోసిన ఆవు మేత తింటాంటే నొప్పి లేనట్టేనా?

గుత్తి రైతు: మా ఆవు కడుపులో ప్లాస్టిక్ కవర్లుంటే మూడు దినాల కిందట కోసి తీసినారు, మత్తుసూదులేసి నిలబెట్టే చేసినారు. మర్సట్రోజే గడ్డి అందుకునింది. మా బావమరిదేమో ఇంగా నొప్పిసూదులు ఎయ్యాలంటాడు. తినే గొడ్డుకు నొప్పి యాడిది?

పులివెందుల గోపాలమిత్ర: అన్నా, మత్తుసూది పంజేసేది గంటా రెండు గంటలే. గొడ్డు నొప్పని అరవదు, అడవిలో అట్ల కూలబడితే పులి నోట్లో పడినట్టే, ఆ బుద్ధి దానికి ఇంగా పోలా. గడ్డి కాదు, నెమరు చూడు. పండ్లు కొరుకుతాందా, చెవులు వాలేసిందా, వీపు గూనిగా పెట్టి నిలబడిందా, కుట్ల పక్కన చెయ్యి పెడితే తోలు అదురుతాందా, ఇవన్నీ చూడల్ల.

గుత్తి రైతు: నేనడిగింది మేత సంగతి. మా నాయనకు హెర్నియా ఆపరేషనైతే అన్నం తిన్న్యాడని మర్సట్రోజే ఇంటికి పంపించినారు, మనిషికొక న్యాయం గొడ్డుకొక న్యాయమా?

బనగానపల్లె: డైక్లోఫెనాక్ ఒకటి కొట్టియ్యి, అయిపోతాది.

పులివెందుల గోపాలమిత్ర: వద్దు సామీ! అది పశువులకు 2006లోనే నిషేధించినారు. ఆ మందేసిన గొడ్డు చస్తే దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు చెడిపోయి చచ్చినాయి. మెలాక్సికామ్ ఉంది, డాక్టర్ని అడగండి.

కడప పాప: మా పిల్లికి కుట్లేసినారు, పారాసిటమాల్ సగం ఎయ్యొచ్చా?

పులివెందుల గోపాలమిత్ర: కొంచెం కూడా వద్దమ్మా, పిల్లికది విషం.

ఆదోని అమ్మ: గుత్తన్నా, సిజేరియన్ అయిన మూడో దినం నేనూ అన్నం తిన్న్యా, బిడ్డకు పాలూ ఇచ్చినా. అట్లని నాకు నొప్పి లేదా?

గుత్తి రైతు: అంటే నేను కసాయోన్నా? ఆ ఆవును దూడప్పటి నుంచి సాకినా. సూదులేసినన్ని దినాలు పాలు కేంద్రానికి పొయ్యకూడదంట, పూటకు ఆరు లీటర్లు. ఆ డబ్బుల మీదే మా ఇల్లు నడిచేది. మీరిస్తారా?

పులివెందుల గోపాలమిత్ర: ఈ మాట ముందే చెప్పుంటే ఇంత గొడవ లేకపోవు కదన్నా. ఎన్ని దినాలు ఆపల్లో కోసిన డాక్టరే చెప్తాడు. నొప్పితో ఉన్న ఆవు పాలు ఎట్లాగూ తగ్గిస్తాది. నిన్న ఎన్నిచ్చింది?

గుత్తి రైతు: రెండు.

గుత్తి రైతు: ఇప్పుడే కొట్టంలోకి పోయి చూసినా. రాత్రి పేడంతా ఒకేచోట కుప్ప పడింది, పండుకున్న జాడే లేదు, తెల్లార్లూ నిలబడే ఉన్నట్టుంది. నెమరు లేదు. పండ్లు కిర్రుకిర్రు అంటాండాయి. డాక్టరుకు ఫోన్ చేస్తాండా.