1991లో మాయమైన బాంబు 2024 కథలో పనిచేస్తుందా?

గూఢచారి నవలలో ఒక ముడి బిగియడం లేదు, సాయం చేయండి. సూట్‌కేస్ అణుబాంబుల లెక్క తేలడం లేదని 1997లో రష్యా జనరల్ లెబెద్ అన్నాడు, ప్రభుత్వం కొట్టిపారేసింది. నా కథలో ఉగ్రవాదుల చేతిలో అలాంటిదే, 1991లో పోయినది; కథాకాలం 2024. చిక్కల్లా ట్రిటియంతోనే (బాంబు పేలుడు శక్తిని పెంచే రేడియోధార్మిక హైడ్రోజన్). దాని అర్ధాయువు (సగం తరిగిపోయే కాలం) 12.3 ఏళ్లు కాబట్టి 33 ఏళ్లకు ఆరో వంతు కూడా మిగలదు. ట్రిటియం బూస్టింగ్ ఉన్న, అంటే దాని సాయంతో గట్టిగా పేలే బాంబైతే దాదాపు తుస్సే కదా! ముఠాకి ఈ సంగతి తెలియదంటే పాఠకులు నమ్ముతారా?

ఇంకోటి. రోటర్‌డామ్ రేవులో రేడియేషన్ పోర్టల్ (కంటైనర్లలో రేడియేషన్‌ని పసిగట్టే గేటు) మోగుతుంది. గ్రానైట్‌కీ, టైల్స్‌కీ, ఆఖరికి అరటిపళ్లకీ మోగుతుందది (వాటిలో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం-40 పుణ్యం). న్యూట్రాన్ అలారం (ప్లుటోనియం లాంటి బాంబు పదార్థాల నుంచి వచ్చే న్యూట్రాన్లని పసిగట్టేది) కూడా మోగితేనే అసలు కంగారు. అప్పుడు కంటైనర్‌ని ముందు పక్కకి తీస్తారా, అక్కడే చుట్టూ ఖాళీ చేయిస్తారా? కస్టమ్స్ పని తెలిసినవాళ్లు చెప్పగలరు.