అప్‌డేట్: అక్కకు వితంతు పింఛను మంజూరైంది

ఉద్యోగంలో ఉండగానే మరణించిన మా బావగారి ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను అక్కకు, పిల్లలిద్దరికీ ఎలా వస్తుందని లోగడ అడిగాను. అది ఇప్పుడు మంజూరైంది. పింఛను దరఖాస్తు అయిన ఫారం 10-డితో పాటు మరణ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా వివరాలు అన్నీ ఇచ్చినా, బావగారి ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగానూ, పీఎఫ్ రికార్డులో ఒక్క పొడి అక్షరంగానూ ఉండటంతో దరఖాస్తు వెనక్కి వచ్చింది. కంపెనీ ధ్రువీకరించిన జాయింట్ డిక్లరేషన్‌తో (వివరాల సవరణ కోరే ఉమ్మడి ప్రకటన పత్రం) పేరు సరిచేయించాకే పని ముందుకు కదిలింది.

పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలన్న నిబంధన వితంతు పింఛనుకు వర్తించదని, సర్వీసులో ఉండగా మరణిస్తే ఒక్క నెల చందా జమ అయి ఉన్నా చాలని మీలో ఒకరు చెప్పింది నిజమే. పిల్లలకు 25 ఏళ్లు నిండేవరకు, అక్క పింఛనులో 25 శాతం చొప్పున ఒక్కొక్కరికీ విడిగా వస్తుంది. కనీస పింఛను నెలకు 1,000 రూపాయలే కావడం మాత్రం, ఈ ధరల్లో, ఎవరికీ సమంజసంగా తోచదు. ఏటా ఇవ్వాల్సిన జీవన్ ప్రమాణ్‌ను (పింఛనుదారు జీవించి ఉన్నట్లు తెలిపే డిజిటల్ ధ్రువపత్రం) ఫోన్‌లోనే ముఖ గుర్తింపుతో సమర్పించవచ్చు.