స్క్రీన్‌ప్లే, చిన్న సినిమా, నేపథ్య సంగీతం: పరిశ్రమలో పనిచేస్తున్నవారి దగ్గర నేర్చుకోవాలంటే ఎటు వెళ్లాలి?

ప్రశ్న | రేవుకథ

నేను కాకినాడలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇక్కడి కుంభాభిషేకం రేవు నేపథ్యంగా సుమారు గంటన్నర నిడివి గల సినిమాకు స్క్రీన్‌ప్లే రాస్తున్నాను. నా చిన్ననాటి స్నేహితుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాడు. సినిమా తీయగలిగితే సంగీతం అతనే చేయాలని ఇద్దరం అనుకున్నాం. ఉద్యోగం మానేసే పరిస్థితి లేదు. ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాలు, ఏడాదికోసారి కొన్ని వారాల సెలవు మాత్రమే నా చేతిలో ఉన్న సమయం.

ఇప్పుడు ఎటు చూసినా సినీ ప్రముఖులే స్వయంగా నేర్పుతారన్న ప్రకటనలు కనిపిస్తున్నాయి. వాటిలో ఆన్‌లైన్ వర్క్‌షాపులు ఉన్నాయి, హైదరాబాదులో ఏడాది డిప్లొమాలు ఉన్నాయి, ఎవరైనా దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేరడమే అసలు చదువు అనేవారూ ఉన్నారు. నా పరిస్థితిలో ఉన్నవారికి వీటిలో ఏది నిజంగా పనికొస్తుంది? బొమ్మకు సంగీతం కట్టడం అనే పని మా స్నేహితుడు ఎక్కడ నేర్చుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు | వన్‌లైన్

ప్రకటనలో ఎవరి పేరుందన్నది పక్కన పెట్టి, ఆ పేరుగల మనిషి మీరు రాసిన కాగితం చదువుతారా లేదా అన్నది చూడండి. డబ్బు కట్టే ముందు నిర్వాహకులను ఈ ఒక్క మాట అడగండి: మా సీన్లను ఎవరు దిద్దుతారు, దిద్దినదాన్ని మళ్లీ రాసి తెస్తే రెండోసారి చూస్తారా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అది ఉపన్యాసం మాత్రమే అనుకోవాలి. ఉపన్యాసాలకు డబ్బు కట్టనక్కరలేదు. పరుచూరి గోపాలకృష్ణ గారు యూట్యూబులో ఎన్నో సినిమాల కథనాన్ని విడదీసి ఓపికగా పాఠాలు చెప్పారు. రాఘవేంద్రరావు గారు కూడా తన క్లాస్‌రూమ్ పేరుతో అలాంటి ప్రయత్నమే చేశారు. అవి ఎవరికైనా ఉచితంగానే దొరుకుతున్నాయి.

కొన్నేళ్లుగా రచనా విభాగంలో పనిచేస్తున్నవాడిగా చెబుతున్నాను. మన దగ్గర కథ ఎక్కువగా సిట్టింగుల్లోనే తయారవుతుంది. నలుగురైదుగురు కూర్చుని ముందుగా వన్‌లైన్ ఆర్డర్ వేస్తారు. అంటే ఒక్కో సీనులో ఏం జరుగుతుందో ఒక్కో వాక్యంలో వరుసగా రాసుకోవడం. అది ఖాయమయ్యాకే సీన్ పేపర్లు, అంటే ఒక్కో సీనును విడమరచి రాసిన కాగితాలు, ఆ తరువాతే డైలాగ్ వెర్షన్. బయటినుంచి వచ్చే కొత్త రచయితలు చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి నేరుగా డైలాగులతో మొదలుపెడతారు. ఆ కారణంగా ఇంటర్వెల్‌కు వచ్చేసరికి పాత్రలు మాట్లాడుతూనే ఉంటాయి గాని కథ మాత్రం అక్కడే నిలబడిపోతుంది. మీ స్క్రీన్‌ప్లే ఇప్పుడు ఏ దశలో ఉన్నా ఒకసారి వెనక్కి వెళ్లి దాని వన్‌లైన్ ఆర్డర్ వేసి చూడండి. ఒక సీనును ఒక్క వాక్యంలో చెప్పలేకపోతున్నారంటే, ఆ సీను ఎందుకు ఉందో మీకే ఇంకా తేలలేదని అర్థం.

దిద్దడం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక సిట్టింగులో ఓ కుర్ర రచయిత తెచ్చిన సీను ఇది. కొడుకు వ్యాపారానికి డబ్బు కావాలని, పొలం అమ్మమని తండ్రిని అడుగుతాడు. మొదటి అరపేజీ నిండా కొడుకు వ్యాపారం గురించిన వివరణ, తండ్రి ఆ పొలం కొన్న నాటి కష్టాల వివరణ. సిట్టింగులోని సీనియర్ రచయిత ఆ అరపేజీకి అడ్డంగా గీత కొట్టి, పైన ఒకే వాక్యం రాశారు: కొడుకు ఇంటికి వచ్చేసరికి పట్టాదారు పాసుపుస్తకం బల్ల మీద పెట్టి ఉంది. అంతే, సీను మారిపోయింది. అడగబోయే విషయం తండ్రికి ముందే తెలుసు కాబట్టి కొడుకు ఇక వ్యాపారం గురించి మాట్లాడడు, బల్ల మీది పుస్తకం వైపు చూడకుండా భోజనం చేస్తాడు. కొడుకు చేయి కడుక్కున్నాక తండ్రి నోట వచ్చే ఒక్క మాటే ఆ సీనులో మిగిలిన డైలాగు. ఎన్ని గంటల ఉపన్యాసం విన్నా ఆ కుర్రవాడికి అది అందేది కాదు. తన సొంత కాగితం మీద పడిన గీత కాబట్టే వెంటనే పట్టుబడింది.

ఉద్యోగం వదలలేరు కాబట్టి మీకు అసిస్టెంటు మార్గం కుదరదు. పూణేలోని ప్రభుత్వ ఫిల్మ్ స్కూలు ఎఫ్‌టీఐఐ 2017లో స్కిఫ్ట్ పేరుతో దేశంలోని వివిధ నగరాల్లో చిన్న కోర్సులు మొదలుపెట్టింది. స్క్రీన్‌ప్లే మీద అలాంటిది ఏదైనా మీ సెలవు రోజుల్లో పడితే వెళ్లండి. ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ) వారి స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ కూడా ఉంది. అక్కడ మీ రచనను ఎంపిక చేసుకుని, అనుభవజ్ఞులను జతచేసి తిరగరాయిస్తారు. ఎంపిక కావడం కష్టమే అయినా, ఆ దరఖాస్తు కోసం కథాసారాన్ని పొందికగా రాయడం దానికదే మంచి అభ్యాసం.

జవాబు | గది నిశ్శబ్దం

వన్‌లైన్ గారు రాత గురించి చెప్పారు కాబట్టి నేను తీయడం వైపు నుంచి రాస్తాను.

రేవు నేపథ్యం అంటున్నారు గనుక అక్కడి మనుషులనే నటింపజేయాలన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం విశాఖలోని ఆ ప్రాంతపు మనుషులతోనే తీశారు, నిర్మాత అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు, పూర్తయ్యాక ఒక పెద్ద సంస్థ సమర్పణలో జనంలోకి వెళ్లింది. ఆ సినిమా తరువాత ఊరూరా అలాంటి ప్రయత్నాలు మొదలయ్యాయి. ఆ ఉత్సాహంలో చాలామంది పట్టించుకోనిది శబ్దం. నటనలో అనుభవం లేని మనిషి కెమెరా ముందు సహజంగా మాట్లాడగలడేమో గాని, నెలల తరువాత డబ్బింగ్ థియేటర్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీది తన పెదవుల కదలికకు సరిపోయేలా అదే మాటను అదే గొంతుతో మళ్లీ పలకలేడు. కాబట్టి స్థానికులతో తీసే సినిమాకు సింక్ సౌండ్, అంటే షూటింగులోనే మాటలను రికార్డు చేయడం, దాదాపు తప్పనిసరి. 2016లో పెళ్లిచూపులు ఆ పద్ధతిలోనే తీశారు. తక్కువ ఖర్చుతో తీసిన ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగానూ, ఉత్తమ సంభాషణలకూ జాతీయ పురస్కారాలు వచ్చాయి.

మీ రేవులో డీజిలు ఇంజన్లు, ఐసు కొట్టే యంత్రాలు, వేలం పాటల కేకలు ఉంటాయి. రచయితగా మీరు ఇప్పటినుంచే ఆలోచించవలసింది ఏమిటంటే, ముఖ్యమైన సంభాషణలు ఆ హోరులో జరగాలా, లేక పడవల్లోని సరుకు దిగిపోయి వేలం ముగిశాక జరగాలా? ఇది షూటింగ్ రోజున తేల్చుకునే విషయం కాదు, సీన్ పేపరులోనే నిర్ణయమైపోవాలి. లొకేషన్లో ప్రతి సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు ఆ చోటి శబ్దాన్ని విడిగా రికార్డు చేయించండి. ఎడిటింగులో రెండు ముక్కల మధ్య ఖాళీని పూడ్చేది అదే. యూనిట్ మొత్తం విసుక్కుంటుంది, అయినా చేయించండి.

నేర్చుకోవడానికి దారి అడిగారు. మీ సెలవుల్లో వారం రోజుల పాటు ఏదైనా చిన్న సినిమా యూనిట్లో, దర్శకత్వ శాఖలో కాకుండా సౌండ్ రికార్డిస్టు దగ్గర సహాయకుడిగా ఉండండి. కె.విశ్వనాథ్ గారు మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలోనే తన వృత్తిని ప్రారంభించారు. నటులు మాటను ఎక్కడ మింగుతున్నారో, ఏ వాక్యం నోటికి తిరగడం లేదో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడికే ముందు తెలుస్తుంది. డైలాగు రాసేవారికి అంతకు మించిన బడి నాకు కనిపించలేదు.

జవాబు | పాత బ్యాచి

పై ఇద్దరితో కొంత విభేదిస్తాను. ఫిల్మ్ స్కూలును తీసిపారేయవద్దు. 1960లో మొదలైన పూణే సంస్థలో గాని, 1995లో మొదలైన కలకత్తా సత్యజిత్ రాయ్ సంస్థలో గాని, 2011 నుంచి హైదరాబాదులో ఉన్న అన్నపూర్ణ కళాశాలలో గాని, చదివినవారికి దక్కేది పాఠాలకన్నా తోటి విద్యార్థులే. నా కెమెరామన్, నా ఎడిటర్ ఇద్దరూ నా బ్యాచివారే. వారాంతపు వర్క్‌షాపు ముగిశాక ఎవరి దారి వారిది. అయితే ఉద్యోగం, సంసారం ఉన్న మనిషికి పూర్తికాలపు కోర్సు సాధ్యం కాదన్నది నేనూ ఒప్పుకుంటాను. చేయగలిగినదల్లా ఏదైనా కోర్సులో చేరినప్పుడు అక్కడ కలిసిన ఇద్దరు ముగ్గురితో పదినిమిషాల సినిమా ఒకటి తీసి చూడటం. అది బాగా రాకపోయినా ఎవరితో పని కుదురుతుందో, ఎవరితో కుదరదో తెలుస్తుంది.

జవాబు | ఆర్ఆర్ గది

మీ స్నేహితుడి సంగతి నేను చెబుతాను. నేను ఒక సంగీత దర్శకుడి దగ్గర ప్రోగ్రామింగ్, అంటే కంప్యూటరు మీద సంగీతం కూర్చే పని, చేస్తాను.

ఆర్కెస్ట్రాలో వాయించినవారికి పాట తెలుసు, చెవి ఉంటుంది, ఏ శ్రుతిలో అడిగినా అందుకునే చొరవ ఉంటుంది. ఇవి చిన్న ఆస్తులు కావు. కాని రీ-రికార్డింగ్ (ఆర్ఆర్), అంటే తీసిన బొమ్మకు నేపథ్య సంగీతం కట్టడం, వేరే విద్య. పాటలో కాలం సంగీతకారుడి చేతిలో ఉంటుంది. ఆర్ఆర్‌లో అది ఎడిటర్ చేతిలో ఉంటుంది. ఒక సీనులో 37వ సెకనుకు తలుపు మూసుకుంటుందనుకోండి, ఆ క్షణానికి సంగీతం ఒక ఆవృతం పూర్తిచేసి కొత్త ఆవృతం మొదటి దెబ్బ మీద పడాలి. నిమిషానికి 80 బీట్ల టెంపోలో, నాలుగేసి దెబ్బల చొప్పున పన్నెండు ఆవృతాలు 36వ సెకనుకే అయిపోతాయి, తలుపు ఒక సెకను ఆలస్యంగా పడుతుంది. టెంపోను 77.8 దగ్గరకు తగ్గిస్తే పదమూడో ఆవృతం సరిగ్గా తలుపుతో పాటే మొదలవుతుంది. చూసేవారికి ఆ తేడా ఎందుకో తెలియదు, సీను మాత్రం బిగువుగా అనిపిస్తుంది. లేదా కావాలనే తలుపు పడ్డాక రెండు సెకన్లు సంగీతాన్ని ఆపేయవచ్చు. చాలా సీన్లలో అదే మెరుగు. ఈ లెక్క రాకపోవడం వల్లనే కొత్తవారు చేసిన నేపథ్య సంగీతం సీను మీద పరిచిన దుప్పటిలా మొదటినుంచి చివరిదాకా ఒకే మందంతో సాగుతుంది.

ముందుగా అతన్ని ఏదైనా సినిమాలో ఐదు నిమిషాల భాగం తీసుకుని, సంగీతం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో, ఆ క్షణంలో తెర మీద ఏం జరిగిందో కాగితం మీద రాయమనండి. దీన్నే మేము క్యూ షీట్ అంటాం. సంగీతం ఎక్కడ లేదో గమనించడమే ఇందులో పెద్ద పాఠం. మాటలు నడుస్తున్నప్పుడు గొంతు పలికే స్థాయిలోనే వయొలినో, వేణువో వాయిస్తే మాట వినబడదు. మాటలు, సంగీతం, శబ్దాలు కలిపే మిక్సింగులో అది తగ్గించేస్తారు, మీవాడి కష్టం వృథా అవుతుంది. ఇంకొకటి, ఎడిటర్లు తరచుగా వేరే సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా అతికించి చూస్తారు. దర్శకుడు దానికి అలవాటుపడిపోయాక కొత్తగా ఏం చేసినా నచ్చదు. మీరే దర్శకులు కాబట్టి ఈ జబ్బు మీకు అంటకుండా మీరే చూసుకోవాలి.

శిక్షణ సంగతికి వస్తే, రెహమాన్ గారు 2008లో చెన్నైలో నెలకొల్పిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాయడం), సంగీత సాంకేతికత క్రమపద్ధతిలో నేర్చుకోవాలనుకునేవారికి అది మంచి చోటు. అయితే మన సంగీత దర్శకుల్లో చాలామంది ఇంకొకరి గదిలో కూర్చుని నేర్చుకున్నవారే. కీరవాణి గారు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు, రెహమాన్ గారు కుర్రతనంలో ఎందరికో కీబోర్డు వాయించారు. మీ స్నేహితుడు ఇప్పటికే కీబోర్డు వాయిస్తాడు కాబట్టి హైదరాబాదులో రికార్డింగ్ సెషన్లకు పిలిపించుకునే ప్రయత్నం చేయడమే అతనికి సులువైన ప్రవేశం. సెషన్ అయ్యాక వెంటనే వెళ్లిపోకుండా అనుమతి అడిగి మిక్సింగ్ చూడమనండి.

రేవుకథ

అందరికీ కృతజ్ఞతలు. పాసుపుస్తకం ఉదాహరణ చదివాక నా మొదటి పది సీన్లకు వన్‌లైన్ వేసి చూశాను, మూడింటికి వాక్యం రావడం లేదు. చివరగా ఒక సందేహం. చదివి దిద్దమని ఇంతమందికి పంపితే కథ చేజారుతుందన్న భయం ఉంది. దానికి ఏం చేయాలి?

జవాబు | వన్‌లైన్

ఆ భయం సహజమే గాని, దానికోసం కథను సొరుగులో దాచుకుంటే అది ఎప్పటికీ బాగుపడదు. చట్టం ప్రకారం ఆలోచనకు కాపీరైటు లేదు, దాన్ని మీరు విస్తరించి రాసిన రూపానికే ఉంది. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. కాబట్టి రేవు నేపథ్యంలో ఒక కథ అని నోటితో చెప్పినదానికి రక్షణ లేదు, పూర్తి స్క్రీన్‌ప్లేకు ఉంది. రాసిన క్షణం నుంచే హక్కు మీదే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. ముంబయిలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ సభ్యులకు ఆన్‌లైన్‌లోనే నమోదు చేస్తుంది, హైదరాబాదులో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, కేంద్ర కాపీరైటు కార్యాలయంలో సాహిత్య రచనగా కూడా నమోదు చేయించవచ్చు. పంపేటప్పుడు ఫోనులో కథ చెప్పేయకుండా తేదీ ఉన్న ఈమెయిలుతో పూర్తి ప్రతిని పంపండి. ఎవరికి ఏ వెర్షన్ పంపారో రాసి పెట్టుకోండి.

జవాబు | ఆర్ఆర్ గది

హక్కుల మాట వచ్చింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. 2012 కాపీరైటు సవరణ ప్రకారం, సినిమా హాలులో ప్రదర్శన కాక మరే రూపంలో పాటను వాడుకున్నా, వచ్చే రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కును గీత రచయిత గాని, స్వరకర్త గాని నిర్మాతకు రాసివ్వలేరు. ఒప్పందంలో అలా రాసుకున్నా చెల్లదు. మీరిద్దరూ ఎంత స్నేహితులైనా, మొదటి ట్యూన్ కట్టకముందే ఈ విషయాన్ని తెలుగులో ఒక పేజీ మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. నిర్మాతగా ఇంకెవరైనా వస్తే ఆ కాగితమే ముందు చూపించండి.